మేక థైమస్ సారం: ప్లీహ కణాలు పెరుగుతున్నయి, పాదం వాపు లెక్క తిరగబడ్డది. ఎక్కడ పొరపాటు?

హన్మకొండ_స్కాలర్:

అందరికీ నమస్కారం. మేక థైమస్ (టీ కణాలనే తెల్ల రక్తకణాలు పక్వమయ్యే గ్రంథి) నుంచి తీసిన సారం చిట్టెలుకల టీ కణాల మీద ఎట్లా పనిచేస్తదో చూస్తున్నం. పద్ధతి పాతదే, దూడ థైమస్ నుంచి థైమోసిన్ ఫ్రాక్షన్ 5 అనే పెప్టైడ్ల (చిన్న ప్రొటీన్ ముక్కల) మిశ్రమం తీసే దారి. వరంగల్ మటన్ దుకాణాల నుంచి తెచ్చిన గ్రంథి 100 గ్రాములు, 0.15 మోలార్ ఉప్పునీళ్లు 300 మిల్లీలీటర్లు కలిపి మిక్సీ పట్టి, మల్లు బట్టలో వడగట్టి సెంట్రిఫ్యూజ్ చేసినం. పై తేటను 80 డిగ్రీల వాటర్‌బాత్‌లో 15 నిమిషాలు ఉంచి, విరిగిన ప్రొటీన్ తీసేసి, చల్లటి ఎసిటోన్‌తో పొడి చేసినం. పొడిని ఫాస్ఫేట్ బఫర్‌లో కరిగించి అమ్మోనియం సల్ఫేట్ 25 శాతం దగ్గర దిగిన మడ్డి పారేసి, పీహెచ్ 4.0కు దించి 50 శాతం దగ్గర దిగినది తీసుకున్నం. ఉప్పు పోవడానికి, చిన్న అణువులను బయటికి వదిలే డయాలిసిస్ గొట్టంలో రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి, పొద్దున 0.22 మైక్రాన్ ఫిల్టర్ వేసినం.

స్విస్ ఆల్బినో చిట్టెలుకల ప్లీహ కణాలు వెల్‌కు (ప్లేటు గుంతకు) 2 లక్షలు, 72 గంటలు, ఆ తర్వాత ఎంటీటీ (బతికున్న కణాలు ఊదారంగుకు మార్చే డై). సారం ఒక్కటే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వేస్తే రీడింగ్ కంట్రోల్‌కు రెట్టింపు దాటింది. కాన్‌ఎ (టీ కణాలను విభజనకు నెట్టే మైటోజెన్) 5 మైక్రోగ్రాములతో కలిపి వేస్తే మాత్రం కాన్‌ఎ ఒక్కదానికంటే ఏమీ పెరగలేదు.

జంతువుల్లో గొర్రె ఎర్ర కణాలతో పాదం వాపు పరీక్ష (మొదట ఒకసారి ఎక్కించుడు సెన్సిటైజేషన్, తర్వాత పాదంలో మళ్లీ ఇచ్చుడు ఛాలెంజ్) చేసినం. రోగనిరోధక శక్తి తగ్గించడానికి సైక్లోఫాస్ఫమైడ్ కిలోకు 100 మిల్లీగ్రాములు సెన్సిటైజేషన్‌కు ఒకరోజు ముందు ఇచ్చినం. ఆ గుంపులోనే మామూలు గుంపుకంటే వాపు ఎక్కువ వచ్చింది! సారం ఇచ్చిన గుంపుకూ దానికీ తేడా లేదు.

ఇంకొకటి. ప్రొటీన్ ఎంతుందో కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ రంగు రీడింగ్‌కు, 280 నానోమీటర్ల కాంతి రీడింగ్‌కు పొంతన లేదు. ఏది నమ్మాలె? కంట్రోల్ గుంపులో థైమస్ బరువులు కూడా జంతువుకూ జంతువుకూ మస్తు తేడా ఉన్నయి. దయచేసి చెప్పగలరు.

టీసెల్_బెంచ్:

మీరు రాసిన రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. కాన్‌ఎ లేకుండా సారం ఒక్కటే కణాలను పెంచింది. కాన్‌ఎతో కలిస్తే అదనంగా ఏమీ రాలేదు. థైమస్ పెప్టైడ్ల నడవడి సరిగ్గా దీనికి ఎదురు. ఫ్రాక్షన్ 5 గానీ, అందులోంచి వేరుచేసిన థైమోసిన్ ఆల్ఫా 1 గానీ మైటోజెన్లు కావు. ఊరకే ఉన్న పక్వ టీ కణాన్ని అవి విభజనలోకి నెట్టవు. పక్వం కాని కణాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్తాయి, మైటోజెన్ తగిలినప్పుడు వచ్చే ఐఎల్-2ను (టీ కణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రొటీన్‌ను) పెంచుతాయి. ఆల్ఫా 1 అయితే డెండ్రిటిక్ కణాలను (టీ కణాలకు శత్రువును చూపించేవాటిని) టీఎల్ఆర్9 అనే గ్రాహకం దారిలో కూడా మేల్కొల్పుతుంది.

ఎవరి తోడూ లేకుండా చిట్టెలుక ప్లీహ కణాలను పెంచేది మనందరికీ తెలిసిన ఎల్‌పీఎస్, అంటే బ్యాక్టీరియా పొరలో ఉండే ఎండోటాక్సిన్. చిట్టెలుక ప్లీహంలో దాదాపు సగం బీ కణాలు (యాంటీబాడీ తయారుచేసేవి), ఎల్‌పీఎస్ వాటికి నేరుగా మైటోజెన్. మీ వెల్స్‌లో పెరిగినవి టీ కణాలు కావు, బీ కణాలని నా గట్టి అనుమానం.

అది ఎక్కడి నుంచి వచ్చిందో మీ తయారీలోనే ఉంది. డయాలిసిస్ గొట్టం ఎంత కటాఫ్‌ది (ఎంత బరువు దాకా అణువులను బయటికి వదులుతుంది)? ల్యాబుల్లో చుట్టలుగా దొరికే మామూలు గొట్టమైతే 12 నుంచి 14 కిలోడాల్టన్లు. థైమోసిన్ ఆల్ఫా 1 బరువు 3108 డాల్టన్లు. థైమోసిన్ బీటా 4 బరువు 4963. థైములిన్ అనే ఇంకో థైమస్ పెప్టైడ్ అయితే తొమ్మిది అమైనో ఆమ్లాలే, సుమారు 860. మీకు కావలసినవన్నీ ఆ రాత్రి గొట్టంలోంచి బయటి నీళ్లలోకి పోయాయి, పొద్దున ఆ నీళ్లు సింకులో పోశారు. లోపల మిగిలింది పెద్ద ప్రొటీన్లు, గుత్తులు కట్టిన ఎల్‌పీఎస్. ఆ రాత్రి గొట్టం కోల్డ్ రూములో కాకుండా బల్ల మీద ఉండి ఉంటే, మన ఎండాకాలపు వేడికి, ప్రొటీన్ ఉన్న నీళ్లలో బ్యాక్టీరియా తెల్లారేసరికి పుష్కలంగా పెరిగి ఉంటుంది. 0.22 ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, అది విడిచిన ఎల్‌పీఎస్‌ను ఆపదు. 80 డిగ్రీల్లో 15 నిమిషాలు కాదు, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు పెట్టినా ఎల్‌పీఎస్ పోదు. గాజుసామాను మీద పోవాలంటే పొడి వేడి, 250 డిగ్రీలు, 30 నిమిషాలు.

తేల్చుకోవడానికి ఒక ప్లేటు చాలు. సారం, సారంతో పాటు పాలిమిక్సిన్ బి (ఎల్‌పీఎస్‌ను పట్టేసి పనిచేయనీయని యాంటీబయాటిక్) మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు, ఎల్‌పీఎస్ 100 నానోగ్రాములు, ఎల్‌పీఎస్‌తో పాలిమిక్సిన్, పాలిమిక్సిన్ ఒక్కటే. చివరిది వదలొద్దు, కొన్ని లాట్లు కణాలకు కొంచెం విషం. సారం వల్ల వచ్చిన పెరుగుదల పాలిమిక్సిన్‌తో పడిపోతే కథ అయిపోయినట్టే. అదే ప్లేటులో కణాలు లేని వెల్స్‌లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. కణజాల సారాల్లో ఉండే థయాల్స్ ఎంటీటీని వాటంతట అవే ఊదారంగుకు మారుస్తాయి, మీడియంలో మెర్కాప్టోఇథనాల్ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ రంగును కణాల పెరుగుదలగా లెక్కేసిన థీసిస్‌లు తక్కువ కాదు.

‘మరిగించిన సారం’ కంట్రోల్‌గా పెట్టకండి. ఫ్రాక్షన్ 5 అంటేనే 80 డిగ్రీలు తట్టుకున్న భాగం. మరిగిస్తే పెప్టైడూ పోదు, ఎల్‌పీఎసూ పోదు, ఏమీ తేలదు. ప్రొనేజ్‌తో (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌తో) జీర్ణం చేసిన సారం పెట్టండి. దాంతో ప్రభావం పోతే పెప్టైడ్, పోకపోతే ఎల్‌పీఎస్. అన్నిటికంటే ముఖ్యం, అదే మేక మూత్రపిండం నుంచి అదే రోజు, అదే మిక్సీ, అదే ఎసిటోన్ సీసాతో తీసిన సారం. అది లేకుండా ‘థైమస్ వల్ల’ అన్న మాట రాయలేం.

మామునూరు_వెట్:

పైన చెప్పింది అంతా కరెక్టే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది, తెచ్చింది థైమసేనా?

మన దగ్గర కోసే మేకలు, పొట్టేళ్లు ఎక్కువ ఏడాది దాటినవి. ఆ వయసుకు థైమస్ చిక్కిపోయి కొవ్వు పడుతది. మూడు నుంచి ఆరు నెలల పిల్లలో అయితేనే పని అయితది. మెడ భాగం గాలిగొట్టానికి రెండు దిక్కులా పొడుగ్గా ఉంటది, ఛాతీ భాగం గుండెకు ముందు. రంగు లేత గులాబీ తెలుపు, చిన్న చిన్న తమ్మెలుగా విడిపోతది. దుకాణంల ‘మెడ గడ్డ’ అని అడిగితే లాలాజల గ్రంథి ఇస్తరు, లేకపోతే లింఫ్ గ్రంథులు. థైరాయిడ్ ముదురు ఎరుపు కాబట్టి దానితో పొరబాటు పడరు. లింఫ్ గ్రంథి చిక్కుడు గింజ తీరు, గట్టిగా, పొర కప్పుకొని ఉంటది.

చల్లటి ఉప్పునీళ్లల్ల వేయండి. కొవ్వు తేలుతది, గ్రంథి మునుగుతది. లాలాజల గ్రంథి కూడా మునుగుతది కాబట్టి దీనితో ఆగొద్దు. ముక్క కోసి కోసిన ముఖాన్ని స్లైడుకు ఒత్తి, ఆరబెట్టి, లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపుల చూడండి. పది నిమిషాల పని. స్లైడు నిండా చిన్న లింఫోసైట్లు ఉంటే లాలాజల గ్రంథి కాదని తేలుతది. లింఫ్ గ్రంథి కూడా గట్లనే కనబడుతది, దానికి ఒక ముక్క ఫార్మలిన్‌లో వేసి సెక్షన్ తీయించాలె. కార్టెక్స్ (బయటి భాగం), మెడుల్లా (లోపలి భాగం) విడివిడిగా ఉండి మెడుల్లాల హాసల్ కణికలు (థైమస్‌లనే ఉండే గుండ్రటి కణాల గుత్తులు) కనబడితే థైమస్. ఆ ఫోటో థీసిస్‌ల పెట్టండి, పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న అదే.

తెచ్చే పద్ధతి కూడా ముఖ్యం. కోసిన అరగంటల ఐసుల ఉండాలె. ముక్కలను స్టెరైల్ సీసాల వేసి మూత పెట్టి ఆ సీసాను ఐసుల పెట్టండి, ముక్కలను నేరుగా ఐసు మీద వేయొద్దు. దుకాణంల ఐసు, నల్లా నీళ్లు, కోసే మొద్దు, మూడూ ఎండోటాక్సిన్ గనులే. పేగులు విప్పకముందే మెడ భాగం తీయించుకోండి.

హన్మకొండ_స్కాలర్:

ధన్యవాదాలు సార్, మేడం. గొట్టం 12 నుంచి 14 కిలోడాల్టన్లదే. బల్ల మీదనే పెట్టినం. కిడ్నీ సారం చేయలేదు. హిస్టాలజీ చేయలేదు, ఒక్క సీసాల ముక్కలు ఫార్మలిన్‌లో ఉన్నయి, సెక్షన్ తీయిస్తాను.

ఒక్కో చిట్టెలుక నుంచి కణాలు తక్కువ వస్తున్నయని మూడు ప్లీహాలు కలిపి వాడినం. ఇది కూడా తప్పా? ఎర్ర కణాలు పోవడానికి అమ్మోనియం క్లోరైడ్ బఫర్ 10 నిమిషాలు.

టీసెల్_బెంచ్:

తప్పే. స్విస్ ఆల్బినో అవుట్‌బ్రెడ్, అంటే ఒక్కో జంతువు జన్యువులు వేరు. రెండు స్విస్ చిట్టెలుకల లింఫోసైట్లను ఒకే వెల్‌లో కలిపితే ఒకదాన్నొకటి పరాయిగా గుర్తించి మిశ్రమ లింఫోసైట్ ప్రతిచర్య మొదలుపెడతాయి. మూడో రోజుకు కంట్రోల్ వెల్స్‌లోనే రీడింగ్ పైకి లేస్తుంది. కలపాలంటే బాల్బ్/సి లేదా సి57 లాంటి ఇన్‌బ్రెడ్ (అన్నిటికీ ఒకే జన్యువులున్న) రకం కావాలి. స్విస్‌తోనే చేయాలంటే ఒక జంతువు ఒక ప్లేటు, లెక్కలో ‘ఎన్’ అంటే జంతువుల సంఖ్య. ఒక జంతువు నుంచి ఆరు వెల్స్ వేస్తే ఎన్ ఆరు కాదు, ఒకటే.

ఒక ప్లీహం నుంచి 5 కోట్ల నుంచి 10 కోట్ల కణాలు రావాలి. రాకపోతే తీసే తీరులో లోపం. సిరంజి పిస్టన్ రబ్బరు వైపుతో 70 మైక్రాన్ జల్లెడ మీద మెత్తగా నూరండి, గాజు స్లైడ్లతో గట్టిగా రుద్దితే పగిలిన కణాల డీఎన్ఏ జిగురుగా మారి మిగిలినవాటిని ముద్ద చేస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ 10 నిమిషాలు ఎక్కువ. 0.15 మోలార్ బఫర్ గది వేడిలో 2 నుంచి 3 నిమిషాలు చాలు, వెంటనే పది రెట్లు మీడియం పోయండి. ఎండాకాలం గది 35 డిగ్రీలుంటే అది ఇంకా వేగంగా పనిచేస్తుంది, లింఫోసైట్లు కూడా పోతాయి. బఫర్‌ను ఐసు మీద ఉంచి వాడండి. అప్పుడు 5 నిమిషాలు ఇవ్వొచ్చు.

పెప్టైడ్_కాలమ్:

బ్రాడ్‌ఫోర్డ్, 280 రీడింగుల సంగతి. రెండూ నమ్మొద్దు.

థైమోసిన్ ఆల్ఫా 1లో 28 అమైనో ఆమ్లాలున్నాయి. అందులో ట్రిప్టోఫాన్ లేదు, టైరోసిన్ లేదు, ఫీనైల్అలనైన్ కూడా లేదు. కాబట్టి 280 దగ్గర అది కనిపించదు. ఆర్జినైన్ కూడా లేదు. బ్రాడ్‌ఫోర్డ్ రంగు ప్రధానంగా ఆర్జినైన్‌ను పట్టుకుంటుంది, పైగా 3 కిలోడాల్టన్ల చుట్టుపక్కల ఉన్న పెప్టైడ్లను సరిగా చూడదు. అంటే మీ రెండు రీడింగులూ మీకు అక్కర్లేని ప్రొటీన్లవే. బ్రాడ్‌ఫోర్డ్ ప్రకారం ‘100 మైక్రోగ్రాములు’ వేశారంటే 100 మైక్రోగ్రాముల మలినం వేసినట్టు. బీసీఏ అనే ఇంకో ప్రొటీన్ పరీక్ష వాడండి, అది పెప్టైడ్ బంధాన్ని కొంతైనా చూస్తుంది. అమ్మోనియం సల్ఫేట్ మిగిలి ఉంటే బీసీఏ రంగు చెడుతుంది, ముందు ఉప్పు పూర్తిగా పోవాలి. క్రోమటోగ్రఫీ ఉంటే 214 నానోమీటర్ల దగ్గర చూడండి. జెల్ మీద చూడాలంటే మామూలు గ్లైసిన్ జెల్‌లో ఇవి డై ముందే కొట్టుకుపోతాయి, ట్రైసిన్ జెల్ 16.5 శాతం వేయండి. అందులో కూడా ఆల్ఫా 1 ఆమ్ల స్వభావం వల్ల కూమాసీ రంగును సరిగా పట్టుకోదు. గీత కనిపించలేదని లేదనుకోవద్దు.

ఉప్పు తీయడానికి డయాలిసిస్ వదిలేయండి. అణువులను సైజును బట్టి వేరుచేసే సెఫడెక్స్ జి-25 కాలమ్ తీసుకోండి, పాత పద్ధతిలో ఉన్నదీ అదే. శాంపిల్ పరిమాణం కాలమ్ పరిమాణంలో పావు వంతు దాటకూడదు, దాటితే చివరి పెప్టైడ్లు ఉప్పుతో కలిసి దిగుతాయి. థైములిన్ మీద పని ఉంటే జి-25 కూడా చాలదు, 860 డాల్టన్లది ఉప్పుతోనే పోతుంది. దానికి జి-10.

ఎండోటాక్సిన్ విషయంలో మీకు ఒక అదృష్టం ఉంది, మీకు కావలసినవి చిన్నవి. ఎల్‌పీఎస్ కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లలో లక్షల డాల్టన్ల గుత్తులుగా ఉంటుంది. 10 కిలోడాల్టన్ల అల్ట్రాఫిల్టర్ గుండా పంపితే పెప్టైడ్లు కిందికి దిగుతాయి, గుత్తులు పైన ఆగుతాయి. కింద దిగిందే మీది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అలవాటుగా బఫర్‌లో ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియం లాంటి లోహాలను పట్టేసేది) వేయడం. ఈడీటీఏ గానీ డిటర్జెంట్ గానీ ఉంటే గుత్తులు 10, 20 కిలోడాల్టన్ల తునకలుగా విడిపోయి కొంత దిగిపోతుంది. ఫిల్టర్ పొరకు పూసి వచ్చే గ్లిజరిన్‌ను పైరోజెన్ లేని నీళ్లతో మూడుసార్లు కడగండి, అది కణాలకు పడదు.

డీఈఏఈ (రుణావేశమున్నవాటిని పట్టుకునే) కాలమ్‌తో ఎల్‌పీఎస్ తీద్దామని చాలామంది మొదలుపెడతారు. ఆల్ఫా 1 ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 4.2 దగ్గర కాబట్టి మామూలు పీహెచ్‌లో దానికి రుణావేశం, ఎల్‌పీఎస్‌కూ రుణావేశమే. రెండూ పక్కపక్కనే అతుక్కుంటాయి. పాలిమిక్సిన్ కాలమ్ వాడితే బఫర్‌లో ఉప్పు తక్కువ కాకుండా చూసుకోండి, లేకపోతే ఆమ్ల పెప్టైడ్ కూడా ఆగిపోతుంది.

అమ్మోనియం సల్ఫేట్ గురించి చిన్న మాట. 0 డిగ్రీల దగ్గర 25 శాతం సంతృప్తికి లీటరుకు 134 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర 144. కోల్డ్ రూములో చేస్తూ గది వేడి పట్టిక చూసి వేస్తే మొదటి కోతలోనే కొంత అవతలికి పోతుంది. పొడిని మెత్తగా నూరి, చిటికెడు చిటికెడు, కలుపుతూ వేయాలి.

ఫార్మకాలజీ_కాజీపేట:

పాదం వాపు సంగతి నేను చెబుతాను. అక్కడ మీ జంతువులు తప్పు చేయలేదు, తేదీ తప్పింది. సైక్లోఫాస్ఫమైడ్‌ను సెన్సిటైజేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఇస్తే ఆలస్య ప్రతిచర్య (టీ కణాలు తెచ్చే ఈ వాపు) తగ్గదు, పెరుగుతుంది. ఆ సమయంలో అది బీ కణాలనూ, అణచిపెట్టే టీ కణాలనూ ముందు దెబ్బ తీస్తుంది, వాపు తెచ్చే టీ కణాలకు అడ్డు తొలగిపోతుంది. ఇది 1970ల నుంచి తెలిసిన విషయం. మీ ‘బలహీనపరిచిన’ గుంపు నిజానికి బలపడింది. ఆ పైన సారం ఇంకేం పెంచుతుంది?

అణచివేత కావాలంటే సెన్సిటైజేషన్ తర్వాత ఇవ్వండి. లేదంటే సైక్లోఫాస్ఫమైడ్‌ను వదిలేసి సున్నా మోతాదు కంట్రోల్‌తోనే చేయండి, అది ఇంకా నిజాయితీ. గొర్రె ఎర్ర కణాల లెక్క కూడా చూసుకోండి. సిరలో 100 కోట్ల కణాలు ఇస్తే జంతువు యాంటీబాడీ వైపు పోతుంది, వాపు తగ్గుతుంది. సెన్సిటైజేషన్ 10 కోట్లు, చర్మం కింద. ఏడో రోజు ఛాలెంజ్ 10 కోట్లు, కుడి పాదంలో 50 మైక్రోలీటర్లకు మించకుండా. ఎడమ పాదంలో అంతే ఉప్పునీళ్లు. 24 గంటలకు కొలవండి. 4 గంటలకు కొలిచింది యాంటీబాడీ వల్ల వచ్చే వాపు, దాన్ని టీ కణాల లెక్కలో వేయకండి. కొలిచే వ్యక్తికి ఏ జంతువు ఏ గుంపో తెలియకూడదు, వెర్నియర్‌ను ఎంత ఒత్తుతామన్నది మన మనసు చెప్పినట్టే వింటుంది.

గొర్రె రక్తం గడ్డ కట్టనీయని ఆల్సీవర్ ద్రావణంలోకి తీసుకుని 4 డిగ్రీల్లో ఉంచి, వాడేరోజు మూడుసార్లు కడగండి. మూడో కడుగు పై తేట గులాబీ రంగు ఉంటే ఆ రక్తం పారేయండి. ఛాలెంజ్‌కు సెన్సిటైజేషన్‌కు ఒకే గొర్రె రక్తం అయితే మంచిది.

థైమస్ బరువుల తేడా గురించి. ఇది మే నెల. జంతువుల గది 22 డిగ్రీలకు మూడు అటూ ఇటూ ఉండాలి. కరెంటు పోయి రెండు గంటలు ఏసీ ఆగితే గది ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. వేడి, ప్రయాణం, గుంపులుగా కుక్కడం, చేతితో కొత్తగా పట్టడం, ప్రతిదీ కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోన్‌ను పెంచుతుంది. అది థైమస్ కార్టెక్స్‌లోని సీడీ4, సీడీ8 గుర్తులు రెండూ ఉన్న పక్వం కాని కణాలను ఒకట్రెండు రోజుల్లోనే కరిగిస్తుంది. థైమస్ పదార్థం మీద పనిచేస్తూ థైమస్ కరిగిపోయిన జంతువులో కొలుస్తున్నారు. చిట్టెలుకలను హైదరాబాద్ నుంచి తెచ్చాక కనీసం ఏడు రోజులు అలవాటు పడనివ్వండి, రోజూ చేత్తో పట్టండి. కోసే పని పొద్దున ఒకే గంటలో అన్ని గుంపులకూ పూర్తిచేయండి, సాయంత్రానికి చిట్టెలుకలో కార్టికోస్టెరాన్ సహజంగానే పైకి పోతుంది. ఒక గుంపు పొద్దున, ఇంకో గుంపు సాయంత్రం కోస్తే తేడా మందుది కాదు, గడియారానిది. గదిలో గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్ పెట్టి రోజూ రాయండి. గీత దాటిన రోజు ఉంటే ఆ బ్యాచ్ బరువులను లెక్కలో వేయకుండా ఆపే ధైర్యం ఉండాలి. వయసు 4 నుంచి 6 వారాలు, అన్నీ ఒకే వారంలో పుట్టినవి.

మేక ప్రొటీన్ 10, 14 రోజులు చిట్టెలుకలోకి ఎక్కిస్తే దాని మీదే రోగనిరోధక ప్రతిచర్య వచ్చి ప్లీహం పెద్దదవుతుంది. ‘ప్లీహం బరువు పెరిగింది’ అన్నది థైమస్ ఘనత కాకపోవచ్చు. కిడ్నీ సారం గుంపు జంతువుల్లో కూడా ఉండాలని అందుకే.

హన్మకొండ_స్కాలర్:

సైక్లోఫాస్ఫమైడ్ తేదీ సంగతి అస్సలు తెలియదు సార్. చాలా థాంక్స్. గైడ్ గారు థైమస్ తీసేసిన చిట్టెలుకల్లో కూడా చూపించమంటున్నరు. అది చేయగలమా? పాజిటివ్ కంట్రోల్‌గా ఏం పెట్టాలె?

టీసెల్_బెంచ్:

1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త థైమస్ లేకపోతే రోగనిరోధక శక్తి కుంటుపడుతుందని చూపించింది పుట్టిన మొదటి రోజు థైమస్ తీసిన చిట్టెలుకల్లో. అది మీ దగ్గర చేయొద్దంటాను. ఐసు మీద చల్లబరిచి మత్తిచ్చిన ఒకటిన్నర గ్రాముల పిల్లలో, ఛాతీ పైఎముక చీల్చి సక్షన్‌తో తీయాలి. రక్తం వాసన వస్తే తల్లి పిల్లలను తినేస్తుంది. కొంచెం ముక్క మిగిలిపోతే చివర్లో కోసి చూస్తే తప్ప తెలియదు. ఇక పెద్ద వయసులో తీస్తే టీ కణాలు దీర్ఘాయువులు కాబట్టి నెలల దాకా పెద్ద తేడా రాదు. ఇంత బాధ పెట్టే ప్రయోగానికి జంతు నైతిక కమిటీ గట్టి కారణం అడుగుతుంది, అడగాలి కూడా. ఆ కమిటీకి ఇచ్చే దరఖాస్తు ఫారం బిలో ‘ఇంతకంటే తేలిక మార్గం లేదు’ అని మీరు రాయలేరు, ఎందుకంటే ఉంది.

ఆ మార్గం ఇది. 5 వారాల చిట్టెలుక థైమస్ తీసి కణాలు విడదీయండి, ఒక్క థైమస్ నుంచి 10 కోట్ల పైనే వస్తాయి. ఆర్‌పీఎంఐ మీడియంలో 10 శాతం సీరంతో మిల్లీలీటరుకు 10 లక్షలు వేసి, డెక్సామెథసోన్ (థైమస్ కణాలను చంపే స్టెరాయిడ్) 100 నానోమోలార్, దాంతోపాటు సారం. డెక్సామెథసోన్ వల్ల చనిపోయే సీడీ4, సీడీ8 రెండూ ఉన్న థైమోసైట్లను (థైమస్ కణాలను) ఆల్ఫా 1 కొంత కాపాడుతుందని చిట్టెలుక కణాల్లో చూపించారు. కొలత అనెక్సిన్ వి, ప్రొపీడియం అయోడైడ్ (చనిపోతున్న, చనిపోయిన కణాలను చూపే రంగులు). ఎల్‌పీఎస్ గండం ఇక్కడ చాలా తక్కువ, థైమోసైట్ల మధ్య బీ కణాలు అరుదు. డెక్సామెథసోన్ లేని వెల్స్‌లో కూడా థైమోసైట్లు వాటంతట అవే చనిపోతుంటాయి, అందుకని 6, 12, 18 గంటలు చూసి తేడా బాగా విడిపడే గంట ఎంచుకోండి. 24 దాటితే కంట్రోల్ కూడా కూలిపోతుంది.

ఫ్లో సైటోమీటర్ (రంగు వేసిన కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రం) కోసం హైదరాబాద్ పోవాల్సివస్తే సీడీ4, సీడీ8 రంగులు ఇక్కడే వేసి, 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, చీకట్లో 4 డిగ్రీల్లో 24 గంటల్లోపు తీసుకెళ్లొచ్చు. ప్రొపీడియం అయోడైడ్ మాత్రం ఫిక్స్ చేశాక అర్థం లేనిది, అన్ని కణాల్లోకీ పోతుంది. దాని బదులు ఫిక్స్ చేయదగిన వయబిలిటీ (బతికున్నవీ చచ్చినవీ వేరుగా చూపే) డై వాడండి. అనెక్సిన్‌కు కాల్షియం కావాలి, ఫిక్స్ చేసే బఫర్‌లో కూడా.

పాజిటివ్ కంట్రోల్‌గా సింథటిక్ థైమోసిన్ ఆల్ఫా 1, అంటే థైమాల్ఫాసిన్. సీసాలో 1.6 మిల్లీగ్రాములు, మానిటాల్‌తో కలిసి ఉంటుంది. కాబట్టి వెహికల్ (మందు లేని ద్రావణం ఇచ్చే) గుంపుకు కూడా అంతే మానిటాల్, ఫాస్ఫేట్ ఇవ్వాలి. చిట్టెలుకల్లో బాగా వాడిన మోతాదు కిలోకు 200 మైక్రోగ్రాములు. 25 గ్రాముల జంతువుకు 5 మైక్రోగ్రాములు, 0.1 మిల్లీలీటరులో. సీసాను 1 మిల్లీలీటరులో కరిగించి 32 రెట్లు పలుచన చేస్తే సరిపోతుంది. పలుచన చేసింది ప్లాస్టిక్‌కు అంటుకుని తగ్గిపోతుంది, అందుకని వాడేముందే చేయండి, లో-బైండ్ ట్యూబుల్లో. మోతాదు కనీసం ఐదు మెట్లు పెట్టండి, పదిరెట్ల తేడాతో. ఈ పెప్టైడ్లలో మధ్య మోతాదు పనిచేసి పెద్ద మోతాదు పనిచేయకపోవడం మామూలే. మీరు వేసిన 100 మైక్రోగ్రాములకు చాలా కిందే శిఖరం ఉండి ఉండొచ్చు.

పెప్టైడ్_కాలమ్:

థైములిన్ వైపు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది జింక్ ఉంటేనే పనిచేస్తుంది, ఒక అణువుకు ఒక జింక్. ఈడీటీఏ ఉన్న బఫర్‌లో, చీలెక్స్ (లోహాలను లాగేసే రెజిన్) తగిలిన నీళ్లలో అది ఉండీ లేనట్టే. ఎర్ర కణాల లైసిస్ బఫర్‌లో ఉన్న 0.1 మిల్లీమోలార్ ఈడీటీఏ కూడా కడుగు సరిగా లేకపోతే చాలు దాన్ని చెడగొట్టడానికి. జింక్ క్లోరైడ్ కలిపిన వెల్, కలపని వెల్, జింక్ ఒక్కటే ఉన్న వెల్ మూడూ పెట్టండి. జింక్ తనంత తానే లింఫోసైట్లను కదిలిస్తుంది, మూడోది లేకపోతే ఎవరిది ఏదో చెప్పలేం.

మామునూరు_వెట్:

కిడ్నీ కంట్రోల్‌కు మేక వేరే, థైమస్‌కు మేక వేరే కావొద్దు. ఒకే పిల్ల నుంచి రెండూ తీయించుకోండి. కిడ్నీ పొర చెక్కుచెదరకుండా ఉన్నది చూసి తీసుకోండి, కత్తి గాటు పడ్డదాంట్ల మొద్దు మీది మురికి పోతది, మీ కంట్రోల్‌లో ఎండోటాక్సిన్ థైమస్ కంటె ఎక్కువ వస్తది.

హన్మకొండ_స్కాలర్:

సరే సార్. చివరి ప్రశ్న. ఎల్ఏఎల్ కిట్ (ఎండోటాక్సిన్ కొలిచేది) ఒక్కటే కొనగలం. పాత సారం, కొత్త సారం, కిడ్నీ, బఫర్. ఎంత వరకు వస్తే పర్వాలేదు?

టీసెల్_బెంచ్:

వెల్‌లో చివరి గాఢత దగ్గర మిల్లీలీటరుకు 0.1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) కంటే తక్కువ రావాలి, సీసాలో కాదు, వెల్‌లో. అంటే సారాన్ని 100 రెట్లు పలుచన చేసి వాడుతుంటే సీసాలో 10 ఈయూ దాకా సరే. 1 నానోగ్రాము ఎల్‌పీఎస్ అంటే సుమారు 10 ఈయూ. జెల్ క్లాట్ (ఎండోటాక్సిన్ ఉంటే గడ్డ కట్టే) కిట్ అయితే శాంపిల్ పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి, మీ పీహెచ్ 4 బఫర్ నేరుగా వేస్తే ఎంత ఎండోటాక్సిన్ ఉన్నా గడ్డ కట్టదు. ప్రతి శాంపిల్‌లో తెలిసిన ఎండోటాక్సిన్ కలిపిన రెండో ట్యూబు పెట్టండి, అది గడ్డ కట్టకపోతే ఆ శాంపిల్ రీడింగ్‌ను పక్కన పెట్టండి. అమ్మోనియం సల్ఫేట్ మిగిలి ఉన్నా అదే జరుగుతుంది. కిట్‌లో ట్యూబులు తక్కువైతే పాత సారాన్ని వదిలేసి బఫర్‌ను ఉంచుకోండి.